తొలిముద్ద గిన్నె

పనసగుడ, అరకు లోయ
18 జూన్ 2007

ప్రియమైన సీతకి,

కృప ప్రేమతో రాస్తున్నది. ఇంట్లో అందరూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను.

నువ్వు పంపిన బొమ్మల పెట్టెలు మా అల్లుడు రవికుమార్ అరకు స్టేషన్‌లో దింపుకుని జీపు మీద మా పనసగుడ పల్లెకి తెచ్చాడు. దారిలో వాన పట్టుకుంది. అట్టలు మెత్తబడ్డాయి గానీ లోపలివి చెక్కుచెదరలేదు. నిన్న అంగన్‌వాడీలో పిల్లల్ని కూర్చోబెట్టి, ప్రార్థన చేసి పంచాను. రైలుబండి దొరికిన పిల్లవాడు దాన్ని నేల మీద పెట్టనే లేదు. మట్టి అంటుకుంటుందని చొక్కాలో దాచుకుని, ఇంటిదాకా పొట్ట పట్టుకుని నడిచాడు.

అన్నిటికంటే వంటసామాను పెట్టెలు అందరికీ నచ్చాయి. ఆ చిన్న రేకు గిన్నెలు ఎంత ముద్దుగా ఉన్నాయే! బయట ఎర్రపూలు, లోపల పండిన పనసతొన రంగు. పిల్లలకంటే ముందు తల్లులు చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. "ఇది ఆటకేటి? ఇంత సక్కటి గిన్నిని మట్టిలో పారీయమంటావేటి?" అని సుక్రు పెళ్ళాం నన్నే దబాయించింది.

అందరూ నాకు దండాలు పెడుతుంటే సిగ్గేసింది. "నేను మోసుకొచ్చినదాన్నే, ఇచ్చిన చెయ్యి నాది కాదు, విశాఖపట్నంలో ఉన్న నా స్నేహితురాలు సీతమ్మది" అని చెప్పాను. మనిద్దరం అరకు హైస్కూల్లో పదో తరగతిదాకా ఒకే బెంచీ మీద కూర్చున్నామనీ, మీ నాన్నగారు సంతలో ఉప్పు అమ్మేవారనీ చెప్తే ముసలివాళ్ళకి ఆయన గుర్తొచ్చారు.

ఇన్నేళ్ళూ నువ్వెంత అడిగినా "చూద్దాంలే" అనే అన్నయ్యగారు ఈసారి అడగకుండానే మీ బొమ్మల కొట్టులోంచి ఇన్ని పెట్టెలు ఇచ్చారంటే, ప్రభువు ఆయన మనసును తాకాడనే నమ్ముతున్నాను. నా వందనాలు చెప్పు. మా అమ్మాయి స్వర్ణ కొడుకు మంగరాజుకి ఆరో నెల వచ్చింది. పట్టుకుంటే కూర్చుంటున్నాడు.

నీ కృప


శ్రీరామ
విశాఖపట్నం
2 ఆగస్టు 2007

కృపా,

నీ ఉత్తరం ఎప్పుడో అందింది. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. శ్రావణం వచ్చేలోగా ఇల్లు దులిపించాలని మొదలుపెట్టాను, అది తెమలడం లేదు.

మనవరాలు హారికని ఎల్‌కేజీలో వేశాం. పొద్దున్నే ఆటో చప్పుడు వినబడితే చాలు, మంచం కింద దూరుతుంది. "బామ్మా, నాకు జ్వరం అని చెప్పవా?" అంటుంది. కొట్టు పని చాలావరకు మా అబ్బాయి సందీపే చూస్తున్నాడు. మా ఆయనకి గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం ఒక్కటీ మిగిలింది, ఆ ఒక్కటీ ఎవరికీ ఇవ్వరు.

చిన్న మాట. ఆ బొమ్మలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి ఇవ్వకు. ముఖ్యంగా వంటసామాను. రంగు కాస్త రాలుతుందేమోనని. ఇంకేమీ లేదు. మా హారిక పెట్టెలోంచి కూడా కొన్ని తీసేశాను, ఇల్లంతా చెత్తగా ఉంటోందని.

మంగరాజుకి పళ్ళు వస్తున్నాయా?

నీ సీత


పనసగుడ
20 ఆగస్టు 2007

సీతకి,

నీ మాట ఆలస్యంగా వచ్చిందే. ఆ గిన్నెలు ఆటలోంచి ఎప్పుడో వెళ్ళిపోయాయి.

నువ్వు ఇక్కడ పెరిగినా సంత వీధిలోనే ఉండేదానివి, మా గుడ పద్ధతి నీకు తెలియదు. మా దగ్గర బిడ్డ తల్లిపాలు కాక మొదటిసారి ముద్ద తినే రోజున కొత్త గిన్నె పెడతారు. ఆ గిన్నె ఇక ఆ బిడ్డదే. తనంత తానుగా కొండపోడుకి వెళ్ళి పనిచేసే వయసు వచ్చేదాకా అందులోనే తినాలి. ఇంకొకరు ముట్టరు. సొట్టపడినా పారెయ్యరు. దాన్ని తీసేస్తే ఆ బిడ్డ నోటి దగ్గరి అన్నం తీసేసినట్టు. మా ఇళ్ళలో చాలామంది ప్రభువును నమ్ముకున్నా, ఈ ఒక్క పద్ధతి విడిచిపెట్టలేదు. పాస్టరుగారు కూడా పోనిమ్మన్నారు.

మునుపు ఆనపబుర్ర కోసి గిన్నె చేసేవారు. ఈ ఏడు ఎవరూ బుర్ర ఎండబెట్టలేదు. నువ్వు పంపిన గిన్నెలు ఉన్నాయి కదా! జూలైలో మా గుడలో పాలు మరిపించే బిడ్డలందరికీ వాటితోనే తొలిముద్ద పెట్టారు. పెద్దావిడ చిన్నమ్మలు పెట్టింది. మంగరాజుకీ అంతే. రాత్రి కాచి ఉంచిన చోడి అంబలి పొద్దుటికి పులుస్తుంది, ఆ తేట వాడికి ప్రాణం. తాగడం అయినా గిన్నె వదలడు. అంచు పట్టుకుని చిగుళ్ళతో కొరుకుతూనే ఉంటాడు. లోపలి మెరుపు అప్పుడే కాస్త వెలిసింది.

రంగు రాలితే ఏమవుతుంది? నువ్వు "ఇంకేమీ లేదు" అని రాసినచోట కలం బాగా నొక్కావు. కాగితం వెనకవైపు వేలికి తగులుతోంది.

నీ కృప


శ్రీరామ
విశాఖపట్నం
4 సెప్టెంబరు 2007

కృపా,

ఆ గిన్నెలు మార్పించెయ్యి. రేకు తుప్పు పడుతుంది, పసివాళ్ళ పెదాలు కోసుకుంటాయి. మంచి స్టీలు గిన్నెలు పార్శిల్ వేశాను, గుడలో అందరికీ సరిపోతాయి. పాతవి తిరిగి పంపనక్కర్లేదు. అక్కడే గొయ్యి తీసి పూడ్చెయ్యి. నూతికీ, నీళ్ళు పారే గెడ్డకీ దూరంగా.

పని ఒత్తిడిలో ఉన్నాను. మళ్ళీ రాస్తాను.

సీత


పనసగుడ
16 అక్టోబరు 2007

సీతకి,

స్టీలు గిన్నెలు అందాయి. అంగన్‌వాడీ మూల బస్తాలోనే ఉన్నాయి. ఎవరూ తీసుకోలేదు.

ఇల్లిల్లూ తిరిగాను. తుప్పు సంగతి చెప్పాను. "తుప్పా? ఏదీ, సూపించు" అన్నారు. చూపించడానికి ఎక్కడా లేదు. చివరికి చిన్నమ్మలు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి అడిగింది:

"ఏటమ్మా నువ్వు సేత్తన్నావు? తొలిముద్ద గిన్ని తియ్యాలంటే ఇచ్చిన సెయ్యే వచ్చి తియ్యాల. కొత్త గిన్నిలో ముద్ద ఆ సేత్తోనే పెట్టాల. అప్పుడు గాని బిడ్డకి దోసం తగల్దు."

"నేనే కదా పంచాను" అన్నాను.

"మోసుకొచ్చినదాన్నే, ఇచ్చిన సెయ్యి నాది కాదని మరి నువ్వే కదేటి సెప్పినావు? ఇప్పుడు నీదైపోనాదా?"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

సీతా, ఇక్కడ పసివాళ్ళు బాగోలేదు. మొదట మలేరియా అనుకున్నాం, ఈ రోజుల్లో మాకు అది మామూలే. రక్తం తీసి చూసిన నర్సమ్మ మలేరియా కాదంది. జ్వరం లేదు. కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని ఏడుస్తారు. తిన్నది కక్కుతారు. మొహాలు తెల్లగా పాలిపోయాయి. సుక్రు కూతురు కనక ఏడాది దాటిన పిల్ల, "అమ్మ, కోడి, దా" అనేది. ఇప్పుడు ఏ మాటా అనడం లేదు. చిగుళ్ళ మీద నల్లటి గీత ఉంది. బొగ్గు తిన్నదేమోనని తుడిచాను, పోలేదు. మొన్న ఒకసారి మూర్ఛ వచ్చింది.

బిడ్డ నీరసపడితే తొలిముద్ద గిన్నెలోనే ఎక్కువసార్లు పట్టాలంటారు, బలం వస్తుందని. చింతపండు చారు, మందు, అన్నీ అందులోనే. సెంటర్‌లో ఇచ్చే బలం మందు నేనే చెంచాతో కొలిచి ఆ గిన్నెల్లో పోశాను.

మంగరాజు ఎవరూ పట్టుకోకుండా కూర్చునేవాడు. వారం నుంచి ఒక పక్కకి ఒరిగిపోతున్నాడు. స్వర్ణ చుట్టూ దుప్పట్లు పెడుతోంది.

తుప్పు పట్టే గిన్నెని గెడ్డకి దూరంగా ఎందుకు పూడ్చాలి? నీకు తెలిసింది చెప్పు. నేను కోప్పడను.

కృప


విశాఖపట్నం
30 అక్టోబరు 2007

కృపా,

పైన దేవుడి పేరు రాయడానికి చెయ్యి రాలేదు.

ముందు మంగరాజునీ, కనకనీ బేగి ఇక్కడికి పంపించు. ఆ గిన్నె కూడా తీసుకురమ్మను. ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకు. గిన్నెల్లో ఏమీ పొయ్యనివ్వకు. బతిమాలు, తిట్టు, దొంగతనం చెయ్యి, ఏదైనా సరే.

ఆ రంగులో సీసం ఉంది. చెన్నై నుంచి మాకు సరుకు పంపే వ్యాపారి మే నెలలోనే మా ఆయనకి ఫోన్ చేశాడట. పైదేశాల్లో ఆ బొమ్మలు అమ్మిన కంపెనీయే పేపర్లో వేయించి, టీవీలో చెప్పించి, ఇంటింటి నుంచీ వెనక్కి రప్పించుకుంటోందట. "మీ దగ్గర ఉన్నది అమ్మకండి, తిప్పి పంపెయ్యండి" అన్నాడట. అక్కడ ఊరంతా చాటారు. ఇక్కడికి ఒక్క ఫోను వచ్చింది, అది మా ఆయన చెవి దగ్గర ఆగిపోయింది.

ఆయన అడగకుండానే ఇచ్చారని నువ్వు ప్రార్థన చేశావు. నేను సింహాచలం వెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చాను. ఎవరైనా వచ్చి చూస్తారేమోనని ముందు కొట్టులోవి మీ గుడకి తోసి వదిలించుకున్నారు, అంతే. గోదాములోవి తిప్పి పంపేశానన్నారు.

జూలై నెలాఖరున సందీప్ నాతో చెప్పాడు. నేను వెళ్ళి అడిగాను. ఆయన పేపరు మడతపెట్టి, "అక్కడి పిల్లలకి అన్నీ విషమే. కొండల్లో పిల్లలు రాళ్ళు తిని అరిగించుకుంటారు. నువ్వు వెళ్ళి పూజ చేసుకో" అన్నారు. నేను వెళ్ళి పూజ చేసుకున్నాను.

హారిక పెట్టెలోంచి ఆ బొమ్మలు నేను ఆ గంటలోనే తీసేశాను. నీకు మాత్రం రంగు రాలుతుందేమో అని రాశాను. తొలిముద్ద సంగతి నీ ఉత్తరంలో చదివాను. అయినా తుప్పు అని రాశాను. ఆయన పేరు బయటికి వస్తుందని, సందీప్ భవిష్యత్తు అని, ఏవేవో అనుకున్నాను. గిన్నెలు మారిస్తే చాలు, కారణం ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాను.

కోప్పడు. కోప్పడనని రాయకు.

సీత


పనసగుడ
6 నవంబరు 2007

సీతా,

నీ ఉత్తరం వచ్చేసరికి కనకని మట్టి చేసి వచ్చాం. గిన్నె కూడా పక్కనే పెట్టారు, అక్కడ ఆకలి వెయ్యకూడదని.

రేపటి బండికి స్వర్ణా రవికుమార్ మంగరాజుని తీసుకుని వస్తున్నారు. ఈ ఉత్తరం వాళ్ళ చేతికే ఇస్తున్నాను, ఆసుపత్రికి నువ్వే తీసుకెళ్ళు. గిన్నె నా మనవడిది కాబట్టి దోషమేదో నాకే తగలనీ అని లాక్కుని వాళ్ళ సంచిలో పెట్టాను. మిగతా ఇళ్ళలో నా మాట సాగదు. ఊరందరికీ నువ్వు రాసింది చెప్పాను. విషం అంటే వాళ్ళకి అర్థమైంది. అయినా గిన్నెలు దాచేశారు. దోషంతో తీస్తే మిగిలిన ప్రాణం కూడా పోతుందని భయం. చాటుగా వాటిలోనే అంబలి పడుతున్నవాళ్ళూ ఉన్నారు.

ఇచ్చిన చెయ్యి రావాలి. ఇంకో దారి లేదు.

కోప్పడనని మాటిచ్చాను. అది నిలబెట్టుకోవడానికి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇంకా లేవలేకపోతున్నాను.

కృప


విశాఖపట్నం
15 నవంబరు 2007

కృపా,

మంగరాజు పిల్లల వార్డులో ఉన్నాడు. స్వర్ణ రాయలేనంది, నన్ను రాయమంది. ఆ పిల్ల నాతో ఒక్క మాట కూడా కటువుగా అనలేదు. నేను తెచ్చిన అన్నం మాత్రం తినడం లేదు.

రక్తంలో సీసం చాలా ఎక్కువగా ఉంది. డాక్టరు గిన్నె లోపల గోటితో గీకి చూసింది. పుల్లటిది పోసినకొద్దీ రంగులోంచి సీసం కరిగి దిగుతుందట. "వీళ్ళు రోజూ ఏం పట్టారు?" అంది. అంబలి అని చెప్పాను. "ఎన్నాళ్ళు ఉంచిన అంబలి?" అంది. రాత్రి కాచి పులియబెట్టినదని స్వర్ణ చెప్పింది. డాక్టరు వెంటనే గిన్నెలన్నీ తీసేయించమనీ, తాగిన ప్రతి బిడ్డకీ పరీక్ష చేయించమనీ చెప్పింది.

మూర్ఛలు ఆగాయి. బతుకుతాడన్నారు. మునుపటిలా కూర్చుంటాడా అని అడిగాను. "చూడాలి" అన్నారు.

ఇంట్లో పెద్ద గొడవ అయింది. "నువ్వెళ్ళి ఇంటింటి ముందూ చెయ్యి చాపితే నేను నేరం చేశానని నువ్వే చాటినట్టు. స్టీలువి పంపావుగా, తీరిపోయింది" అన్నారు. తీరలేదని చెప్పాను. పెళ్ళయ్యాక ఆయనకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. గొంతు పెద్దది చెయ్యలేదు. చెయ్యడం నాకు రాదు.

సోమవారం కిరండోల్ పాసింజరుకి వస్తున్నాను. నాతో ఎవరూ రారు. వాళ్ళేమన్నా పడతాను.

సీత


పనసగుడ
22 జనవరి 2008

సీతకి,

మంగరాజుని తీసుకొచ్చేశారు. ఆనుకుని కూర్చుంటున్నాడు. పిలిస్తే ఒక్కోసారి తిరుగుతాడు. ఒక్కోసారి తిరగడు. స్వర్ణ రోజూ పిలుస్తూనే ఉంటుంది.

నువ్వు వచ్చి వెళ్ళాక మా గుడలో గిన్నె ఒక్కటి కూడా మిగల్లేదు. నువ్వు తీసిన పాత గిన్నెల బస్తాని ఆసుపత్రి వాళ్ళు తీసుకెళ్ళారు. నువ్వు ప్రతి ఇంటి ముందూ చెప్పులు విప్పి, నీ చేత్తో బిడ్డకి ముద్ద పెట్టిన తీరు చిన్నమ్మలు ఇంకా చెప్తోంది. "ఆయమ్మ సేతిలోంచి ఒక్క మెతుకు కింద పడనేదు" అంటుంది.

నీకు ఒకటి చెప్పకుండా దాచాను. సుక్రు పెళ్ళాం గుమ్మంలో నిలబడి నీ చెయ్యి పట్టుకుని మా కొండ భాషలో ఏదో అంది గుర్తుందా? ఏమందని నువ్వు అడిగితే, "క్షమించాను అంటోంది" అని చెప్పాను. నీ మొహం చూసి అబద్ధం చెప్పాను. ఆవిడ అన్నది అది కాదు. "ఈ చెయ్యి ఇంకా ఎన్ని గుడల్లో అన్నం పెట్టిందో అడుగు" అంది.

బాధతో అన్నదని వదిలేశాను. మొన్న సంత రోజున టైడా వైపు కొండల నుంచి ఒక తల్లి బిడ్డని తీసుకుని మా సెంటర్‌కి వచ్చింది. అంగన్‌వాడీ అమ్మ పొట్టనొప్పికి పట్నం పంపిస్తుందని ఎవరో చెప్పారట. బిడ్డ కాళ్ళు ముడుచుకుని ఉంది. నేను పై పెదవి ఎత్తి చూశాను. గీత ఉంది.

"బిడ్డకి ఏ గిన్నెలో అంబలి పడుతున్నావు?" అని అడిగితే కొంగు ముడి విప్పి చూపించింది. మనం పంచినది కాదు. మనవాటి మీద ఎర్రపూలు. దీని మీద నీలం పిట్ట. లోపల అదే రంగు. ఎవరిచ్చారంటే, "ఎవులో ఇవ్వడమేటి, కొనుక్కున్నాం. దసరాకి ముందు సంతలోకి యాన్ వచ్చినాది. పదికి రెండు" అంది. వాళ్ళ గుడలో అందరూ కొన్నారట. బిడ్డని ఆసుపత్రికి పంపాను.

గోదాములోవి తిప్పి పంపేశారని రాశావు. అన్నయ్యగారిని మళ్ళీ అడుగు.

కృప


అడ్డతీగల
19 ఫిబ్రవరి 2008

కృపా,

అడిగాను. ఆయన టీవీ పెట్టుకున్నారు. సందీప్ చెప్పాడు. చెన్నైకి ఒక్క పెట్టె కూడా వెళ్ళలేదు. గోదాములో ఉన్నదంతా దసరా లోపే వ్యాన్లవాళ్ళకి ఇచ్చేశారు. వాళ్ళు పట్నంలో అమ్మలేదు. పేపరు చదివేవాళ్ళు ఉండని చోట అమ్మమని చెప్పారట. మీ వైపు సంతలు, కొయ్యూరు, ఈ అడ్డతీగల. ఇంకా ఎక్కడెక్కడ అమ్మారో సందీప్‌కీ తెలియదు, వ్యాన్లవాళ్ళకీ గుర్తులేదు.

కలెక్టరాఫీసులో అర్జీ పెట్టాను, ఆయన పేరు రాసే పెట్టాను. విచారణకి మనిషి వస్తాడన్నారు. సంత మాత్రం ప్రతివారం జరుగుతోంది. అందుకే బయలుదేరాను. గుమ్మం దాటుతుంటే ఆయన, "గుళ్ళ చుట్టూ తిరిగేదానివి, ఇక సంతల చుట్టూ తిరుగు" అన్నారు. సరేనన్నాను. హారిక నిద్రలో ఉంది, లేపలేదు.

కొయ్యూరులో కొన్ని దొరికాయి. అక్కడివాళ్ళకి మీ పద్ధతి లేదు, ఒక్క మాట చెప్పగానే ఇచ్చేశారు. ఒకావిడ మాత్రం, "మొన్న వరకు ఇందులోనే తాగినాడు" అని గిన్నె నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. ఎవరు తాగారో అడిగేలోపే జనంలో కలిసిపోయింది.

ఇక్కడ మా దూరపు బంధువుల ఇంట్లో దిగాను. పొద్దున్నే వచ్చి చింతపండు బుట్టల పక్కన గోనె పరుచుకున్నాను. ముందు స్టీలు గిన్నెలు పేర్చాను. మా నాన్న ఉప్పు అమ్మినట్టే కూర్చుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని నీకు రాస్తున్నాను. "కేజీ ఎంతమ్మా?" అని ఒకాయన నవ్వుతూ అడిగి పోయాడు. ఈ సంతకి ఎన్ని కొండల నుంచి దిగుతారో నువ్వు చూడాలి కృపా. తెల్లవారినప్పటి నుంచీ వస్తూనే ఉన్నారు. సగంమంది వీపున బిడ్డలే.

ఇప్పుడే ఒకామె బెల్లం కొట్టు దగ్గర ఆగింది. చిన్నపిల్లే, ఇరవై కూడా ఉండవు. కట్టుగుడ్డ ముడిలోంచి గిన్నె పసుపు అంచు కనిపిస్తోంది. చెయ్యి ఊపి పిలిచాను. నా వైపు చూసింది, స్టీలు గిన్నెలు చూసింది. ఏదో ఉచితంగా ఇస్తాననుకుంటోంది కాబోలు, పక్కనున్న ఆడవాళ్ళని కూడా కేకేసింది. వాళ్ళ చేతుల్లోనూ ఆ పసుపు గిన్నెలే ఉన్నాయి. అందరూ నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ, నా దగ్గరికి వస్తున్నారు.